అక్రోటు చెట్టు కింద మా అక్కగారు

మా తోట పక్కావిడ, నేను అక్కగారూ అని పిలుచుకున్న మనిషి, మొన్న ఆగస్టు చివర్లో పోయారు. ఫోను వాళ్ళబ్బాయి చేశాడు. అప్పుడు నేను చంటిదాన్ని భుజాన వేసుకుని హాల్లో అటూ ఇటూ తిరుగుతున్నాను. ఫోను మా ఆవిడ తీసింది. "యా... యా..." అంటూ మెల్లగా కుర్చీలో కూర్చుండిపోయింది. నాకు వేరే చెప్పక్కర్లేకపోయింది. ఒక భుజం మీద మనవరాలి వెచ్చని ఊపిరి తగులుతుంటే, ఇంకో పక్కన ఈ కబురు. ఏడవాలో, పిల్ల లేస్తుందని ఊరుకోవాలో తెలీలేదు. ఊరుకున్నాను. నడుస్తూనే ఉన్నాను.

ఇది చదివే మీలో ఎవరికీ ఆవిడ తెలిసుండరు. అందుకే రాస్తున్నాను. నేను ఎనిమిదో తరగతి దాకా చదివాను. నర్సాపురంలో దర్జీ పని చేసుకునేవాణ్ణి. మా ఆవిడకి ఇక్కడ, జర్మనీలో, నర్సు ఉద్యోగం వస్తే, సామాన్లలో ఒక సామానుగా నేనూ వచ్చాను. ఇంగోల్‌స్టాట్ పక్కన కార్ల సీట్లకి తొడుగులు కుట్టే షెడ్డులో రిటైరయ్యేదాకా మిషను తొక్కాను. నా రాత కూడా కుట్టు లాంటిదే, అక్కడక్కడ వంకర పోతుంది. మీరే సర్దుకోవాలి.

అక్కగారిది పాపువా న్యూగినీ దేశం. ఆస్ట్రేలియాకి పైన ఉంటుంది. ఆ దేశంలో కొండల మధ్య వాళ్ళ లోయ. చిన్న విమానం గడ్డి మీద దిగుతుందట, దిగాక ఇంకా నడవాలట. అక్కడివాళ్ళ భాష పేరు కోబోన్. కొన్ని వేలమంది మాట్లాడతారు, అంతే. ఆ చిన్న విమానాలు బాగుచేసే జర్మన్ మెకానిక్ ఒకాయన ఈవిణ్ణి పెళ్ళి చేసుకుని ఇక్కడికి తీసుకొచ్చాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. మా ఊళ్ళో కోబోన్ వచ్చిన మనిషి ఆవిడొక్కతే. నాకు తెలిసి ఈ దేశం మొత్తం మీద ఆవిడొక్కతే.

"మీ భాష చచ్చిపోతోందా అక్కగారూ?" అని ఒకసారి జాలిగా అడిగాను. టీవీలో అలాంటివి చూస్తుంటాం కదా. ఆవిడ పడీపడీ నవ్వారు. "మా ఊళ్ళో కోళ్ళు తప్ప అందరూ అదే మాట్లాడతారు. నా ఒక్కదానికే ఇక్కడ తోడు లేదు. దానికి భాష ఏం చేస్తుంది?" అన్నారు.

ఊరి చివర రైలు కట్ట పక్కన తోట ముక్కలు అద్దెకిస్తారు. ష్రేబర్‌గార్టెన్ అంటారు. మాదొకటి, దాని పక్కది ఆవిడది. రెండింటి మధ్యా కంచె, ఆ కంచెలోనే ఒక పెద్ద వాల్‌నట్ చెట్టు, అదే అక్రోటు. అంత పెద్ద చెట్లు తోటల్లో పెంచకూడదని రూలుంది. కానీ ఆ చెట్టు రూలుకంటే ముందే పుట్టింది, అందుకని బతికిపోయింది.

మేం ఆ తోట తీసుకున్న మొదటి శరత్కాలం. పొద్దున్నే మా ఆవిడతో వెళ్ళాను. చెట్టు కింద ఒక నల్లటి పొట్టి ఆవిడ, ఉంగరాల జుట్టు, రాలిన కాయలు ఏరుతూ తనలో తను ఏదో అంటోంది. కొత్తగా వచ్చాను కదా, మర్యాదగా జర్మన్‌లో నమస్కారం పెడదామని గొంతు పెంచి "గుటెన్ టాగ్!" అన్నాను. ఆవిడ ఉలిక్కిపడింది. నా వైపు చూసి వేలు నోటిమీద పెట్టుకుంది. నాకు అర్థంకాక ఇంకోసారి, ఇంకా గట్టిగా, "గుటెన్ టాగ్!" అన్నాను. బకెట్టు తీసుకుని విసవిసా గేటు దాటి బయట నిలబడింది. నేను మా ఆవిడతో "తిట్టింది చూడు" అన్నాను. "మీ గొంతు వింటే ఎవరైనా తిడతారు," అంది మా ఆవిడ.

ఆ పొట్టావిడ గేటు బయటినుంచే నన్ను రమ్మని చెయ్యి ఊపింది. వెళ్ళాను. అక్కడ, జర్మన్‌లో, సంగతి చెప్పింది. నా జర్మన్ షెడ్డు జర్మన్, ఆవిడది వంటింటి జర్మన్. ఇద్దరివీ తప్పులే కాబట్టి బాగా అర్థమైంది.

వాళ్ళ కొండ మీద ఒక చెట్టుంటుందట. ఫోటో చూపిస్తే నేను ఎగిరి గంతేశాను. ఆకు అచ్చం మన మొగలి ఆకే! మా సముద్రం ఒడ్డున పొదలు పొదలుగా ఉండేది. మొగలి జాతేనట అది. కానీ వాళ్ళ చెట్టుకి తలకాయంత గెల కాస్తుంది, దాన్నిండా గింజలు. కాపుకొచ్చినప్పుడు కుటుంబాలకి కుటుంబాలు పైకి అడవిలోకి వెళ్ళి, అక్కడే పాకలేసుకుని, గింజలు దింపి, కాల్చుకు తింటారట. అసలు విషయం ఇక్కడుంది. ఆ పైన ఉన్నన్నాళ్ళూ ఊళ్ళో మాటలు మాట్లాడకూడదు. చెట్టుకి, గింజకి, కత్తికి, నిప్పుకి, అన్నిటికీ వేరే మాటలు. వ్యాకరణం అదే, మాటలే వేరు. ఊరిమాట దొర్లితే గింజలో పప్పు నీరైపోతుందని పెద్దవాళ్ళ నమ్మకం. కిందికి దిగాక మళ్ళీ ఊరిమాట.

"ఇక్కడ ఆ చెట్టు లేదు. ఇదే నా చెట్టు. దీని కింద మా అమ్మ నేర్పిన కొండమాటలు గుర్తున్నంతవరకు అంటాను. గుర్తు లేనిచోట మామూలు కోబోన్. జర్మన్ మాత్రం అనను," అంది. అని, బకెట్లోంచి ఒక కాయ తీసి రాయితో కొట్టింది. లోపల నిండుగా, తెల్లగా పప్పు. ఇంకోటి కొట్టింది. నల్లగా ఎండిపోయి ఉంది. దాన్ని నా అరచేతిలో పెట్టి, "ఇదిగో, ఇది మీ గుటెన్ టాగ్," అంది.

ఆ రోజు నుంచి అక్కగారు అయిపోయారు.

ఎన్నని చెప్పను ఆవిడ గురించి! కాయలు లెక్కపెట్టడం చూడాలి. వేళ్ళు మడిచి కాదు. ఎడమ చిటికెన వేలు ముట్టుకుని ఒకటి. అలా వేళ్ళన్నీ అయ్యాక మణికట్టు, ముంజేయి, మోచేతి మడత, దండచెయ్యి, భుజం, మెడ పక్క ఎముక, ఆఖరికి గొంతు కింది గుంట. అక్కడ కాసేపు ఆగి, మళ్ళీ అవే పేర్లతో రెండో పక్క దిగుతూ కుడి చిటికెన వేలిదాకా. ఒళ్ళే లెక్క! నేను దర్జీని, ఒంటిమీద కొలతలు నాకు కొత్త కాదు. టేపు తీసుకెళ్ళి చూపించి, "నేనూ భుజం, మెడ, మణికట్టు లెక్కనే బతికానండీ" అంటే ఎంత సంబరపడ్డారో! కట్టెలు తెచ్చాను అనడానికి వాళ్ళ భాషలో వెళ్ళి, కట్టె కొట్టి, తీసుకుని, వచ్చి, పెట్టాను అన్నట్టు చెబుతారట. "మా తెలుగూ అంతే" అన్నాను. "మా ఆవిడైతే పొయ్యి వెలిగించిన దగ్గర్నుంచి మొదలుపెడుతుంది" అన్నాను. మా ఆవిడ చేతిలో గరిట ఉండుంటే ఏమయ్యేదో.

ఇప్పుడు మా అమ్మాయి సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే ఈ రాతకి అర్థం లేదు.

మాకు ఒక్కతే కూతురు. ఇక్కడే పుట్టింది. చిన్నప్పుడు గలగలా తెలుగు మాట్లాడేది. పన్నెండేళ్ళప్పుడు నర్సాపురం తీసుకెళ్ళాం. దాని యాస విని పిల్లలంతా చుట్టూ చేరారు. "మళ్ళీ అను! ఏదీ, ఇంకోసారి అను!" అని నవ్వులు. పెద్దవాళ్ళూ ముద్దుగానే నవ్వారు. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. కానీ పిల్ల నోరు మూసుకుంది. తిరిగొచ్చే విమానంలో జర్మన్ మొదలుపెట్టింది, అంతే. ఆ తర్వాత పాతికేళ్ళు, నేను తెలుగులో అడగడం, అది జర్మన్‌లో చెప్పడం. ప్రేమకి తక్కువ లేదు. ఫోను చెయ్యని రోజు లేదు. కానీ నాన్నా అన్న ఒక్క మాట తప్ప నా కూతురి నోట తెలుగు వినలేదు. అడిగితే చిన్నబుచ్చుకుంటుందని అడగడం మానేశాను.

మూడేళ్ళ కిందట కాయలు ఏరడానికి అదీ వచ్చింది. గేటు దగ్గర అక్కగారు దాన్ని ఆపారు. "లోపల జర్మన్ లేదు. నీకు ఇంకేం వచ్చు?"

"ఇంగ్లీషు," అంది ఇది.

"అది ఆఫీసులో మాట్లాడుకో. ఇంట్లో మాట ఏది?"

మా అమ్మాయి నేల చూసింది. "వచ్చు. కానీ తప్పుగా వస్తుంది."

అప్పుడు అక్కగారు అన్న మాట నేను పోయేదాకా మర్చిపోను. "చెట్టు తప్పులు చూడదు. బయటి భాష కాకుండా వేరేదా కాదా, అదొక్కటే చూస్తుంది. కొండమాటలు మాకు మాత్రం పుట్టుకతో వస్తాయా? పైకెళ్ళినప్పుడల్లా ముసలివాళ్ళు కూడా తడుముకుంటారు. అక్కడ తడుముకోనివాడు లేడు, నవ్వేవాడూ లేడు."

ఒక షరతు కూడా పెట్టారు. ఎవరి నోట జర్మన్ వస్తే వాళ్ళ బకెట్లోంచి గుప్పెడు కాయలు పక్కవాళ్ళ బకెట్లోకి.

లోపలికి వెళ్ళాం. అక్కగారు కోబోన్‌లో ఏదో అని కొమ్మ చూపించారు. మా అమ్మాయి బిగుసుకుపోయి నిలబడింది. నేను తండ్రిని కదా, దారి చూపిద్దామని ఛాతీ విరుచుకుని మొదలుపెట్టాను. "అమ్మా, ఆ ఐమర్ ఇలా ఇయ్యి."

అంతా నా వైపు చూశారు. ఐమర్ అంటే బకెట్టు. జర్మన్! గుప్పెడు పోయాయి.

"అయ్యో, మర్చిపోయాను. సరే, ఈ వాల్‌నుస్..." ఇంకో గుప్పెడు.

"అక్రోటు కాయ అనండి," అంది మా ఆవిడ.

"అలాగే. తొందరగా ఏరండి, పదకొండింటికి నాకు పళ్ళ డాక్టరు టెర్మిన్ ఉంది." ఇంకో గుప్పెడు! టెర్మిన్ అంటే అపాయింట్‌మెంటు, దానికి తెలుగేమిటో ఎంత వెతికినా దొరకలేదు నాకు. ఇన్నేళ్ళూ నేనే తెలుగు నిలబెడుతున్నాననుకున్నాను సుమండీ. అద్దెకి మీటె, రైలుకి బాన్, బిల్లుకి రెష్నుంగ్, అన్నీ తెలుగు మాటలే అనుకుని వాడేస్తున్నాను. నా బకెట్టు అడుగు కనిపించింది.

అప్పుడు వినిపించింది. వెనకనుంచి, సన్నగా, గొంతులో నవ్వు ఆపుకుంటూ. "నాన్నా, నీకు తెలుగు రాదు."

నేను తిరగలేదు. తిరిగితే అది ఆగిపోతుందని భయం. వంగి కాయలు ఏరుతున్నట్టు నటించాను. మా ఆవిడ అటు తిరిగి ముక్కు తుడుచుకుంటోంది. అక్కగారు మాత్రం ఏమీ జరగనట్టు నా బకెట్లోంచి ఇంకో గుప్పెడు తీసి మా అమ్మాయి బకెట్లో పోశారు. అదెందుకంటే చెప్పలేదు. బహుమతేమో.

ఆ రోజు అది మాట్లాడింది! పన్నెండేళ్ళ పిల్ల తెలుగే, ఎక్కడ ఆగిందో అక్కడినుంచి. "పురుగు వచ్చింది", "నాకు ఆకలేస్తుంది", "పెద్దమ్మ చెయ్యి నల్లగా అయ్యింది." అక్కగారిని పెద్దమ్మా అని ఎవరూ చెప్పకుండానే పిలిచింది. అక్రోటు పచ్చి తొక్క ముట్టుకుంటే చేతులకి గోధుమరంగు మరక పట్టుకుంటుంది, వారం రుద్దినా పోదు. మా అందరి వేళ్ళూ ఒకే రంగులోకి వచ్చేశాయి. ఒకావిడ కోబోన్, ముగ్గురం తెలుగు. ఎవరి మాట వాళ్ళది, చేతులతో అర్థం చేసుకోవడం. ఎన్ని కబుర్లో! అంత బాగా నేను ఈ దేశంలో ఎవరితోనూ మాట్లాడలేదు.

కానీ గేటు దాటగానే మళ్ళీ జర్మన్. ప్రతి ఏడూ అంతే. చెట్టు కింద తెలుగు, గేటు బయట జర్మన్. "ఎందుకమ్మా?" అని ఉండబట్టలేక ఒకసారి అడిగాను. "బయట నోరు రావట్లేదు," అని జర్మన్‌లోనే చెప్పింది. అది అక్కగారికి చెబితే ఆవిడ దిగులుపడ్డారు. "కొండమాట కొండమీద వదలాలి, నిజమే. కానీ మీది కొండమాట కాదు, పొయ్యి దగ్గరి మాట. పొయ్యి ఇంట్లో కదా ఉంటుంది," అన్నారు. తన కొడుక్కి తను నేర్పలేకపోయిన సంగతీ ఆ రోజే చెప్పారు. తండ్రితో జర్మన్, బడిలో జర్మన్. ఒళ్ళు లెక్క ఒక్కటి ఆటలాగా నేర్చుకున్నాడట.

ఈ ఏడాది జూన్‌లో మా అమ్మాయికి పాప పుట్టింది. నలభై దగ్గర పడుతుండగా, ఇంక లేదనుకున్న తర్వాత! ఆ సంతోషం రాయడానికి నాకు చదువు చాలదు. ఆసుపత్రి వరండాలో కనిపించిన వాళ్ళందరికీ జంతికలు పంచాను. సెలవులన్నాళ్ళూ తల్లీపిల్లా మా ఇంట్లోనే ఉన్నారు. పాపని ఒళ్ళో పెట్టుకుని మా అమ్మాయి పెదాలు కదిపేది. ఏదో అనబోయేది, ఆగేది. తర్వాత జర్మన్‌లో ముద్దు చేసేది. తెలుగులో మొదలుపెట్టాలని ఉంది, నోరు రావడం లేదు. నాకు కనిపిస్తూనే ఉంది. ఆ పిల్లకి అమ్మ భాష ఏదవుతుందో ఆ కొద్ది నెలల్లోనే తేలిపోతుందని లోపల ఒకటే గుబులు.

అప్పటికి అక్కగారు వృద్ధుల హోములో ఉన్నారు. పాపని తీసుకెళ్ళి చూపించాం. అక్కడి నర్సులు మెల్లగా చెప్పారు, ఆవిడకి మతి చెదిరింది, జర్మన్ పూర్తిగా మర్చిపోయారు, ఏదో గొణుగుతున్నారు అని. మా ఆవిడ మంచం పక్కన కూర్చుని చాలాసేపు విన్నది. బయటికొచ్చి ఆ నర్సులతో, "మతి చెదరలేదు. ఆవిడ చెట్టు కింద ఉన్నారు. మీరు గేటు బయటినుంచి పిలుస్తున్నారు," అంది. వాళ్ళకి ఏం అర్థమైందో గాని, ఆ తర్వాత వాళ్ళబ్బాయి, వాళ్ళ లోయనుంచి ఆవిడ చెల్లెలి కూతురు పంపిన మాటల రికార్డులు ఫోనులో వినిపిస్తే, అక్కగారు వాటికి జవాబులు చెబుతూ నవ్వుతున్నారని వాళ్ళే చెప్పారు. మేం వెళ్ళిన రోజు పాప పాదాన్ని అరచేతిలో పట్టుకుని ఆవిడ ఏదో అన్నారు. చాలాసేపు అన్నారు. మా అమ్మాయి ఒక్క మాటా అర్థంకాకపోయినా అన్నిటికీ తలూపింది.

అదే ఆఖరు.

సెప్టెంబరు చివర్లో కాయలు రాలడం మొదలైంది. వాళ్ళబ్బాయి డెగ్గెన్‌డార్ఫ్ నుంచి తోట అప్పగించడానికి వచ్చాడు. యాభై దాటిన మనిషి, అమ్మ పోలికే, అమ్మ జుట్టే. మేం చెట్టు కింద ఉన్నాం. అతను గేటు దగ్గరే ఆగిపోయాడు. లోపలికి రాడు, పలకరించడు. చెట్టు వైపు చూపించి, తన నోటి వైపు చూపించి, అడ్డంగా తలూపాడు. లోపల మాట్లాడ్డానికి తన దగ్గర మాట లేదని.

మా అమ్మాయి పాపని చంకనేసుకుని గేటు దాకా వెళ్ళింది. "రండి," అంది, తెలుగులో. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

కాసేపు ఊరికే ఏరాడు. కాయలన్నీ గడ్డి మీద కుప్ప పోశాం. అతను కుప్ప ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తొక్కతీసిన వేళ్ళు అప్పటికే తడితడిగా, గోధుమరంగుగా ఉన్నాయి. ఒక కాయ పక్కన పెట్టి ఎడమ చిటికెన వేలు ముట్టుకున్నాడు, ఒక మాట అన్నాడు. ఇంకో కాయ, ఇంకో వేలు, ఇంకో మాట. అమ్మ గొంతే! మణికట్టు, ముంజేయి, మోచెయ్యి. ముట్టుకున్నచోటల్లా చుక్క పడుతోంది. తెల్లచొక్కా భుజం మీద చుక్క. గొంతు కింద గుంట దగ్గర అతని వేలు ఆగింది. తర్వాత రెండో పక్కకి దాటాడు, మెల్లగా దిగాడు, కుడి చిటికెన వేలి దాకా వచ్చాడు.

ఒళ్ళు అయిపోయింది. కాయలు ఇంకా ఉన్నాయి. ఏం చెయ్యాలో తోచక చూశాడు. మా అమ్మాయి పాపని ముందుకి జరిపింది. అతను పాప ఎడమ చిటికెన వేలు ముట్టుకుని, మొదటి మాట మళ్ళీ అన్నాడు.

సాయంత్రం ఇంట్లో మా ఆవిడ పాపకి నీళ్ళు పోస్తోంది. నేను తుండు పట్టుకుని పక్కన నిలబడ్డాను. చిటికెన వేలి మీద ఆ చుక్క కనబడి, మా ఆవిడ సబ్బు పెట్టి రుద్దబోయింది.

"ఉండనీ అమ్మా," అంది వెనకనుంచి మా అమ్మాయి, తెలుగులో. "దాని వేలు అది. ఉండనీ."

అని వంగి, ఆ వేలు పట్టుకుని, పాప కళ్ళలోకి చూస్తూ, "పెద్దమ్మమ్మ పెట్టింది నీకు. తెలుసా?" అంది. తడి చేత్తో మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. గోధుమరంగు చుక్క ఉన్న ఆ బుల్లి వేలు నీళ్ళలోంచి పైకి లేచి, వాళ్ళమ్మ పెదాల్ని వెతుక్కుంటోంది.